తాళం మీద తాళం

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో షట్టర్లన్నీ లేచాక కూడా ఒక్కటి మాత్రం దిగే ఉందనుకోండి. కింద కొక్కేనికి రెండు తాళాలు వేలాడుతున్నాయి. ఒకటి ఏళ్ల తరబడి చేతిలో నలిగి ఇత్తడి రంగు తేలింది, అది కిరాయిదారుది. దాని పక్కన స్టిక్కరు కూడా ఊడని కొత్త తాళం, అది మాలిక్‌ది. దుకాణం నడిపే మనిషి తన తాళంచెవి జేబులో పెట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు. పక్క మల్గీ, అంటే పక్క దుకాణం, ఆయన చాయ్ తెప్పించాడు గానీ సంగతేమిటని అడగలేదు. అడగడానికేముంది? కిరాయి బాకీ పడి ఉండాలి, లేదా ఖాళీ చెయ్యమన్నా చెయ్యకుండా కూర్చుని ఉండాలి.

ఆ కొత్త తాళం వెయ్యడానికి మాలిక్‌కు హక్కుందా? ఇవాళ్టి ప్రసంగం ఆ ఒక్క ప్రశ్న గురించే. జవాబు ముందే చెప్పేస్తాను. కిరాయికిచ్చిన గది మాలిక్ చేతికి రెండే దారుల్లో తిరిగొస్తుంది. కిరాయిదారు తన చేత్తో తాళంచెవి ఇవ్వాలి, లేదా కోర్టు ఇప్పించాలి. ఆ రెంటిలో ఏదో ఒకటి జరిగాక ఎన్ని తాళాలైనా మార్చుకోవచ్చు. జరక్కముందు వేసిన తాళాన్ని చట్టం కబ్జా కిందే చూస్తుంది.

మాలిక్‌ల వాదన తెలిసిందే: "నా మల్గీ, నా ఇష్టం." మల్గీ ఆయనదే, కాదనేవారు లేరు. ఆస్తి పన్ను ఆయన పేరునే వస్తుంది. దాని మునిసిపల్ నంబరు ఆయన దస్తావేజులోనే ఉంటుంది. కానీ కిరాయికి ఇచ్చిన రోజున ఆ గదిలో మసలే హక్కును ఆయనే తీసి ఇంకొకరి చేతిలో పెట్టాడు. ఆయనకు మిగిలింది యాజమాన్యం, నెలనెలా కిరాయి, గడువు తీరాక గది తిరిగి పుచ్చుకునే హక్కు. పుచ్చుకునే హక్కు ఉంది కదా అని లాక్కోవడానికి లేదు. రావాల్సిన అప్పు ఎంత నిఖార్సయినదైనా, బాకీదారు జేబులో చెయ్యిపెట్టి తీసుకోలేం కదా.

సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నోసార్లు చెప్పింది. 1968లో లల్లూ యశ్వంత్ సింగ్ కేసులో, హక్కున్నవాడైనా సరే బలవంతంగా స్వాధీనం చేసుకోవడాన్ని మన చట్టం ఒప్పుకోదని తేల్చింది. 1989లో కృష్ణరామ్ మహాలే కేసు ఒక రెస్టారెంటు గురించి. దాన్ని నడుపుతున్నావిడకు ఇచ్చిన గడువు తీరిపోయిందనే అనుకున్నా, ఆ చోట స్థిరంగా ఉన్న మనిషిని కోర్టు ద్వారా తప్ప వెళ్లగొట్టకూడదన్నది తీర్పు.

"కాగితంలో రాసుకున్నాం కదండీ" అనేవాళ్లుంటారు. నిజమే, చాలా కిరాయినామాల్లో ఓ వాక్యం దొర్లుతుంటుంది. వరసగా రెండు మూడు నెలలు కిరాయి కట్టకపోతే మాలిక్ తాళం వేసుకోవచ్చు, కిరాయిదారుకు అభ్యంతరం లేదు అని. టైపు చేసినాయన పాత కాగితంలోంచి ఎత్తి రాసేస్తాడు, సంతకం పెట్టేవాళ్లు చదవరు. ఆ వాక్యానికి ఎంత బలముంది? అదే 1989లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, మహారాజా ధర్మేందర్ ప్రసాద్ సింగ్ కేసు వచ్చింది. అక్కడ లీజుకిచ్చింది సాక్షాత్తూ ప్రభుత్వమే. షరతు తప్పితే ఆస్తిలో తిరిగి ప్రవేశిస్తామని కాగితంలో ఉంది. అయినా సరే, ఎంత గట్టి హక్కున్నవాడైనా లీజు ముగిశాక కోర్టుకు వెళ్లకుండా బలప్రయోగంతో స్వాధీనం పుచ్చుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. సర్కారుకే లేని వెసులుబాటు అబిడ్స్ మాలిక్‌కు ఎక్కణ్ణుంచి వస్తుంది? కాబట్టి ఆ వాక్యం చూపించి ఖాళీ చేయించమని కోర్టులో అడగొచ్చు గానీ, దాన్ని చేతపట్టుకుని తాళం కొనడానికి వెళ్లకూడదు.

ఇక మన ఊరి చట్టం. హైదరాబాద్ రాష్ట్రంలో 1954లో ఒక కిరాయి చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో అప్పటికే మద్రాసు వాళ్ల 1949 చట్టం నడుస్తోంది. రెండు ప్రాంతాలూ కలిశాక, రెంటినీ పక్కనపెట్టి 1960లో ఒకే చట్టం చేశారు. తెలంగాణలో ఇప్పటికీ దాన్నే రెంట్ కంట్రోల్ చట్టం అంటున్నాం. దాని పదో సెక్షన్ మొదటి మాటే, ఈ సెక్షన్‌లో చెప్పిన పద్ధతిలో తప్ప కిరాయిదారును ఖాళీ చేయించకూడదని. ఆ తర్వాత కారణాలు వరసగా ఉంటాయి. కిరాయి ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి కిరాయికివ్వడం, తీసుకున్న పనికి కాక మరో పనికి వాడటం, కట్టడాన్ని పాడుచెయ్యడం, మాలిక్ నువ్వు కాదు పొమ్మనడం, మాలిక్‌కే ఆ చోటు నిజంగా అవసరపడటం. వీటిలో ఏదున్నా రెంట్ కంట్రోలర్ దగ్గర పిటిషన్ వేసుకోవాలి. అక్కడ ఓడినవాళ్లు సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి దగ్గరికి అప్పీలుకు వెళ్తారు, ఆపైన హైకోర్టులో రివిజన్.

ఏళ్లు పడుతుందంటారు మాలిక్‌లు. ఆ బాధలో నిజం లేదని నేననను. నగరంలో తాళాలు పడుతున్నాయంటే కారణం దుర్మార్గం ఒక్కటే కాదు, వాయిదాలు కూడా. అయితే మాలిక్ చేతికి అదే చట్టం ఇచ్చిన ఒక ఆయుధాన్ని చాలామంది వాడుకోరు. పదకొండో సెక్షన్ ప్రకారం, కేసు నడిచినంతకాలం కిరాయిదారు పాత బాకీ కట్టి, నెలనెలా కిరాయి జమచేస్తూ ఉంటేనే తన వాదన వినిపించుకోగలడు. సరైన కారణం చూపకుండా ఆపేస్తే, కంట్రోలర్ విచారణ అక్కడితో నిలిపి, గది మాలిక్‌కు అప్పగించమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. కిరాయి రాబట్టడానికి షట్టరు తాళం కన్నా ఇది గట్టి పట్టు.

కిరాయిదారుకూ ఒక చిట్కా ఉంది. కొందరు మాలిక్‌లు కిరాయి తీసుకోవడమే మానేస్తారు. నాలుగు నెలలు తీసుకోకుండా ఉండి, అయిదో నెలలో "బాకీ పడ్డావు" అని నోటీసు పంపుతారు. దీనికి విరుగుడు ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. ఏ బ్యాంకులో వెయ్యమంటారో చెప్పమని మాలిక్‌ను రాతపూర్వకంగా అడగాలి. ఆయన పలక్కపోతే మనీ ఆర్డరు పంపాలి. మనీ ఆర్డరు కమిషను కూడా కిరాయిలోంచి మినహాయించుకోవచ్చని చట్టంలోనే రాశారు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు అంత దగ్గర్లో ఉండి కూడా ఈ సంగతి తెలియక కేసులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మనీ ఆర్డరు తిరిగొస్తే డబ్బు రెంట్ కంట్రోలర్ దగ్గర జమకట్టాలి. ఆ రసీదులన్నీ ఒక ఫైలులో ఉంటే "ఎగ్గొట్టాడు" అన్న మాట నిలవదు.

ఇక్కడో చిక్కుంది. ఈ చట్టం అన్ని కట్టడాలకూ వర్తించదు. మొదట్లో 1957 ఆగస్టు 26 తర్వాత కట్టినవాటన్నిటినీ ఇందులోంచి తప్పించారు. కాలం గడిచేకొద్దీ ఆ మినహాయింపుకు అర్థం లేకుండా పోయిందని 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత మార్పులు జరిగి, 2005 సవరణతో ఇప్పటి లెక్క వచ్చింది. కట్టి 15 ఏళ్లు దాటని కట్టడాలకు, మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల కిరాయి 3500 రూపాయలు మించిన కట్టడాలకు ఈ చట్టం లేదు. అబిడ్స్‌లో ఇవాళ 3500కి మల్గీ కాదు, మల్గీ ముందు మెట్టు కూడా దొరకదు. ఎప్పుడో పగిడీ కింద ఒకేసారి సొమ్ము ఇచ్చి, చిన్న కిరాయికి కుదురుకున్న పాత దుకాణాలే ఈ చట్టం నీడన మిగిలాయి. తక్కినవన్నీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తాయి. నెలవారీ కిరాయి అయితే పదిహేను రోజుల నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టులో దావా వెయ్యాలి.

ఈ తేడా విన్న మాలిక్‌లు కొందరు, "అంటే నాకు రెంట్ కంట్రోల్ లేదు, నేను తాళం వేసుకోవచ్చు" అనుకుంటారు. అబద్ధం. రెంట్ కంట్రోల్ చట్టం లేకపోతే మారేది ఏ కోర్టుకు వెళ్లాలన్నదీ, ఏ కారణాలు చూపాలన్నదీ మాత్రమే. వక్ఫ్ ఆస్తుల దగ్గరా ఇదే జరిగింది. హైదరాబాదు రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా పేరున ఉన్న వక్ఫ్, తన కిరాయిదారును ఖాళీ చేయించాలనుకుంది. ఆ దావా వక్ఫ్ ట్రిబ్యునల్ వినాలా, సివిల్ కోర్టు వినాలా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సివిల్ కోర్టే అని 2010లో తీర్పు వచ్చింది. 2013లో పార్లమెంటు చట్టం సవరించి ట్రిబ్యునల్‌కు ఆ అధికారం ఇచ్చింది. ఇంత వాదన జరిగిందంతా ఏ తలుపు తట్టాలన్నదాని మీదే. ఏ తలుపూ తట్టకుండా పని కానిచ్చుకోవచ్చని ఎవరూ అనలేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ఇబ్బందికరమైన సందర్భం. కిరాయిదారు తనే తాళం వేసుకుని కనిపించకుండా పోయాడు. ఫోను కలవదు. ఊరికి వెళ్లాడంటారు ఒకరు, అప్పులవాళ్లకు భయపడి దాక్కున్నాడంటారు ఇంకొకరు. నెలలు గడుస్తున్నాయి, షట్టరు కింద నుంచి ఎలుకలు పోతున్నాయి, కరెంటు బిల్లు మాలిక్ పేరున పెరుగుతోంది. ఇప్పుడైనా తాళం పగలగొట్టొచ్చా?

చట్టం దీన్ని ముందే ఊహించింది. సరైన కారణం లేకుండా వరసగా నాలుగు నెలలు గది వాడకుండా ఉంటే అది ఖాళీ చేయించడానికి ఒక కారణమని 1960 చట్టం చెబుతోంది. కారణం అంది, అనుమతి అనలేదు. నాలుగు నెలలు నిండినరోజు మాలిక్ వెళ్లాల్సింది తాళాలు చేసేవాడి దగ్గరికి కాదు, వకీలు దగ్గరికి. లోపల సరుకుంది, లెక్కల పుస్తకాలున్నాయి, గల్లాపెట్టె ఉంది. రేపు ఆ మనిషి తిరిగొచ్చి "గల్లాలో రెండు లక్షలు పెట్టి వెళ్లాను" అంటే, లేవని ఎలా రుజువు చేస్తారు? అదే కోర్టునడిగితే అడ్వొకేట్ కమిషనర్‌ను పంపుతుంది. ఆయన సాక్షుల ఎదుట తాళం తీయించి, ఉన్న సామాను ఒక్కొక్కటీ రాసుకుని, ఫొటోలు తీయించి నివేదిక ఇస్తాడు. రెండు లక్షల మాట అప్పుడు లేవదు.

కిరాయిదారు చనిపోయినప్పుడు కూడా ఇంతే. మల్గీ మీద హక్కు వారసులకు దక్కుతుంది. దుకాణాల కిరాయి హక్కు కూడా వారసత్వంగా వస్తుందని 1985లో గ్యాన్ దేవీ ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదోరోజు కాకముందే తాళం వేసి, పిల్లలు అడిగితే "మీతో నాకు కాగితం లేదు" అనడం కుదరదు.

అయితే ఒక చోట ఉంటున్న అందరూ కిరాయిదారులు కారు. నాంపల్లి స్టేషను ఎదుట లాడ్జీలో గది తీసుకున్న ప్రయాణికుడికి ఆ గదిలో ఉండటానికి అనుమతే ఉంది, గది మీద హక్కు లేదు. పొద్దున్నే లాడ్జీ కుర్రాడు వచ్చి తన చెవితోనే తలుపు తీసి ఊడుస్తాడు, దుప్పటి మారుస్తాడు. కిరాయికిచ్చినట్టా, అనుమతించినట్టా అని తేల్చడానికి 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసు నుంచి కోర్టులు ప్రధానంగా చూస్తున్నది ఒకటే: ఆ చోటు పూర్తిగా ఆ మనిషి స్వాధీనంలో ఉందా? హాస్టల్ మంచం, లాడ్జీ గది సాధారణంగా అనుమతి కిందికి వస్తాయి. అక్కడ కూడా అనుమతి రద్దుచేశాక, మనిషి సామాను సర్దుకుని వెళ్లడానికి తగినంత వ్యవధి ఇవ్వాలి. వాచ్‌మన్, మేనేజరు, ఇల్లు చూసిపెట్టే బంధువు ఎన్నేళ్లున్నా మాలిక్ తరఫున ఉన్నట్టే లెక్క. 2012లో మరియా మార్గరీడా కేసు ఇది స్పష్టం చేసింది. కాగితం మీద "అనుమతి" అని రాసినంత మాత్రాన కిరాయి అనుమతి అయిపోదని మాత్రం గుర్తుంచుకోవాలి. పేరు ఏదైనా కోర్టు చూసేది వాస్తవాన్ని.

మరి తాళం పగలగొట్టే అధికారం ఎవరికుంది? కోర్టు బెయిలిఫ్‌కు. తీర్పు వచ్చి, అమలు పిటిషన్ వేసి, వారంటు చేతికి వచ్చాక ఆయన వస్తాడు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో దీనికి ఒక నియమం ఉంది. ముందు హెచ్చరించాలి. లోపల పరదా పాటించే స్త్రీలుంటే వాళ్లు తప్పుకోవడానికి వీలు కల్పించాలి. ఆ తర్వాతే తాళమైనా గడియైనా తియ్యొచ్చు, తలుపు పగలగొట్టొచ్చు. వందేళ్లు దాటిన ఈ నియమం నాంపల్లి గల్లీల్లో ఇవాళ్టికీ చక్కగా సరిపోతుంది. గొడవ అవుతుందనుకుంటే పోలీసు సాయం కోసం కోర్టును ముందే అడగాలి. బెయిలిఫ్ తాళం తీయించి, సామాను రాయించి, పంచుల సంతకాలు తీసుకుని, గది అప్పగించినట్టు పంచనామా రాస్తాడు. ఆ పంచనామా తడి ఆరకముందే మాలిక్ కొత్త తాళం వేసుకోవచ్చు.

మాలిక్ అప్పు కట్టకపోతే బ్యాంకు కూడా రావచ్చు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద మేజిస్ట్రేటు సాయం తీసుకుని, తాకట్టు పెట్టిన కట్టడాన్ని బ్యాంకు స్వాధీనం చేసుకుంటుంది. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ఇలాంటి అర్జీలు కొత్తవి కావు. తాకట్టుకు ముందు నుంచే కిరాయికి ఉన్నానని రుజువు చేసుకోగల కాగితం, రిజిస్టరైన లీజు ఉంటే కిరాయిదారు నిలదొక్కుకోగలడు. నోటిమాట కిరాయి అక్కడ బలహీనం. లీజు కాగితం రిజిస్టరు చేయించి తీరాలి. ఆ ఖర్చుకు వెనకాడే మనం పదకొండు నెలల కాగితాలతో నెట్టుకొస్తుంటాం.

తాళం వెయ్యకుండానే తాళం వేసే విద్యలున్నాయి. ఫ్యూజు పీకెయ్యడం, నల్లా కట్టెయ్యడం, పైఅంతస్తు వాళ్లకు చెప్పకుండా మెయిన్ గేటు తాళం మార్చి చెవి ఇవ్వకపోవడం. కిరాయిదారు అనుభవిస్తున్న సదుపాయాలను సరైన కారణం లేకుండా ఆపకూడదని 1960 చట్టమే అంటోంది. గేటు తాళం మార్చుకోండి, తప్పులేదు. చెవి ఆ సాయంత్రమే అందరికీ చేరాలి.

అగ్ని ప్రమాదం, గ్యాసు లీకు, మూసిన గదిలో నీళ్లు పొంగడం, వీటికి మాత్రం ఎవరూ కోర్టుకు పోనక్కర్లేదు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పలువురి ప్రాణాలు పోయాయి. అలాంటి చోట ముందు తాళం పగలాలి, మిగతావన్నీ తర్వాత. పగలగొట్టాక ఇద్దరు ముగ్గురి ఎదుట కొత్త తాళం వేసి, చెవి కిరాయిదారుకు ఇచ్చెయ్యాలి.

మన పిల్లలు చాలామంది ఉండే డల్లాస్ వైపు సంగతి విన్నారా? టెక్సస్‌లో కిరాయి బాకీపడితే ముందుగా నోటీసిచ్చి ఇంటి తాళం మార్చే అవకాశం మాలిక్‌కు చట్టమే ఇచ్చింది. కానీ కొత్త చెవి ఏ వేళలోనైనా ఎక్కడ దొరుకుతుందో తలుపు మీద రాసి అంటించాలి. కిరాయిదారు వచ్చి అడిగితే, బాకీ కట్టినా కట్టకపోయినా చెవి ఇవ్వాల్సిందే. తాళం మార్చనిచ్చి, మనిషిని మాత్రం బయట ఉంచనివ్వలేదు.

సరే, ఇక్కడ ఎవరి దుకాణానికైనా తాళం మీద తాళం పడితే ఏం చెయ్యాలి? పగలగొట్టకండి. ఫొటో తీయండి, తేదీ పడేలా. పక్క దుకాణాలవాళ్లను చూడమనండి. ఠాణాలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేస్తే నిరుత్సాహపడకండి. ఉద్దేశాన్ని బట్టి అక్రమ ప్రవేశం, అక్రమ నిరోధం నేరాలు కావొచ్చు, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవి ఉన్నాయి. బాకీ కింద సరుకు ఆపుకునే హక్కు కూడా మాలిక్‌కు లేదు. అసలు మందు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్. వెళ్లగొట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోపు దావా వెయ్యాలి. అందులో మాలిక్ ఎవరన్న ప్రశ్నే రాదు. నిన్నటిదాకా ఎవరున్నారు, చట్టప్రకారం కాకుండా తీసేశారా అన్నదే చూస్తారు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఆరు నెలలు పెద్దమనుషుల పంచాయితీల్లో కరిగిపోతాయి, అది జాగ్రత్త.

మంచిగా ఖాళీ చేసేవాళ్లకు చివరగా ఒక్క మాట. తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి ఆటో ఎక్కెయ్యకండి. తెల్ల కాగితం మీదైనా సరే రాయించుకోండి: మల్గీ నంబరు, ఇచ్చిన చెవులెన్ని, మీటరు రీడింగు ఎంత, అడ్వాన్సులో తిరిగిచ్చింది ఎంత, తేదీ, ఇద్దరి సంతకాలు. ఒక ప్రతి మాలిక్ దగ్గర, ఒకటి మీ దగ్గర. ఆ కాగితం మీద సంతకం పడిన నిమిషం నుంచి ఆ తలుపుకు ఏ తాళం వెయ్యాలో మాలిక్ ఇష్టం.